రిమార్కుల గడి

టికియాపారా, హౌరా
జూన్ 2, 2025

చెల్లీ అచ్చమ్మా,

కళ్ళకి ఆపరేషన్ అయింది, అక్షరాలు కనిపిస్తున్నాయి అని జూలీ ఫోన్లో చెప్పింది. మంచిది. కాబట్టి ఈ ఉత్తరం నువ్వే చదువుకో. జూలీ చేత చదివించుకోకు. ఇందులో దాని తండ్రి, అంటే నీ మొగుడి గురించి నేను మంచి మాటలు రాయబోవడం లేదు. చనిపోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. అలా అనుకుంటూ పోతే నా వయసువాడికి మాట్లాడుకోవడానికి ఎవరూ మిగలరు.

రేబెకా నీకు చెప్పలేదు, చెప్పదు కూడా. బడ్జ్ బడ్జ్‌లో ప్రభుత్వం వాళ్ళు దానికి మంజూరు చేసిన షెడ్డు ఆపేశారు.

వాట్‌గంజ్‌లో నీ కూతురి గ్లవ్స్ కార్ఖానా నువ్వు చూసినప్పటిలాగే ఉంది. అవే రెండు గదులు, అవే నాలుగు మిషన్లు, ఆరుగురు ఆడవాళ్ళు. డాక్‌లో ఇనుము మోసేవాళ్ళకి, వెల్డింగ్ చేసేవాళ్ళకి తోలు గ్లవ్స్. తోలు ముక్కల్ని తిరగేసి కుట్టి, ఒక్కో వేలినీ కర్రతో పొడిచి బయటికి తీసి, వేడిచేసిన ఇత్తడి చెయ్యికి తొడిగి సాపు చేస్తారు. పాప ఇప్పటికీ ఆ ఇత్తడి చెయ్యి దగ్గరే కూర్చుంటుంది. యాభై దాటినా అందరూ పాప అనే పిలుస్తారు. ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేశారు. జూలై నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. తోలు వాసనకి భయపడి ఆ చుట్టుపక్కల ఇంకెవరూ గది ఇవ్వరు. షెడ్డు రాకపోతే మిషన్లు పాత ఇనుముకి పోతాయి, ఆ ఆరుగురూ ఇళ్ళల్లో అంట్లు తోమడానికి పోతారు. విషయం ఇంతే. మిగతాదంతా నా కోపం.

చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం చేసే సాయం ఎలా ఉంటుందో నీకూ తెలియాలి. ఇదివరకు డాక్ కాంట్రాక్టరు గుమ్మంలోకి వచ్చి, గ్లవ్‌లో చెయ్యి దూర్చి చూసి, సరుకు పట్టుకుపోయేవాడు. ఇప్పుడు కంప్యూటర్లో పేరు ఎక్కినవాళ్ళ దగ్గరే కొనాలట. పేరు ఎక్కాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే ఇంటి యజమాని సంతకం కావాలి. ఖాళీ చెయ్యమన్నవాడు సంతకం పెడతాడా? కంప్యూటర్ సెంటర్ నడిపే ఆశిష్, మన రేబెకా అన్నయ్య వరసలో ఆశిష్‌దా అని పిలిచే నలభై ఏళ్ళ మనిషి, ఏవో తంటాలు పడి పేరు ఎక్కించాడు. తర్వాత మూడు రోజుల శిక్షణకి పిలిచారు. పద్దెనిమిదేళ్ళుగా గ్లవ్స్ కుడుతున్న మనిషికి కొవ్వొత్తులు చెయ్యడం నేర్పారు. ఆ విడత వచ్చిన టీచరమ్మకి వచ్చిన విద్య అదొక్కటేనట. చివరికి ఒక సంచీ, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. అది లేనిదే షెడ్డుకి దరఖాస్తు తీసుకోరు. ఆ తర్వాత బోర్డు కింద కార్ఖానా యజమాని నిలబడి ఉన్న ఫోటో కావాలన్నారు. బోర్డు మీద పేరు కాగితాల్లో ఉన్న పేరే అయి ఉండాలి. కాబట్టి 'ఇంద్రజ ఎంటర్‌ప్రైజ్' అని బోర్డు రాయించి కట్టింది. డాక్ నుంచి వచ్చిన పాత ఖాతాదారులు ముగ్గురు ఆ బోర్డు చూసి, రేబెకా దీదీ కార్ఖానా అమ్మేసుకుందనుకుని వెనక్కి వెళ్ళిపోయారు.

ఇక్కడే నీ మొగుడు వస్తాడు. ఆ షెడ్లు షెడ్యూల్డు కులాల వాళ్ళకి. చర్చి పుస్తకంలో పేరున్నవాళ్ళకి ఆ కులం లేదని చట్టం. ఏసుని నమ్మిన రోజున కులం పోయిందట. నిజంగా పోయి ఉంటే మన తాత పేట వదిలి ఈ రైలు పట్టాల పక్కకి ఎందుకు వచ్చాడో ఆ చట్టం రాసినవాళ్ళే చెప్పాలి. జాబేజ్ తెలివైనవాడు. పిల్లని బళ్ళో వేసినప్పుడే ఇంద్రజ అని రాయించాడు, ఆ పేరుతోనే కులపత్రం తీయించాడు. ఆదివారం రేబెకా, సోమవారం ఇంద్రజ. అప్పుడే అన్నాను, రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు బావా అని. "ఒక పడవ మీద నిలబడి నువ్వేటి దాటేవు బావా?" అన్నాడు నవ్వుతూ, పదిమంది ముందు. ఆ మాట నేను మరిచిపోలేదు. నా కింద పనిచేసిన అశోక్‌కుమార్‌కి మన చర్చిలో వేరే పేరు ఉండేది. ఆయన ఆఫీసరుగా రిటైరయ్యాడు. నేను జ్ఞానానందం అనే ఒక్క పేరుతో రైల్వేలో గుమాస్తాగా చేరి, పెద్ద గుమాస్తాగా దిగాను.

సరే, ఇప్పుడు ఎవడో పుణ్యాత్ముడు ఆఫీసుకి చేరవేశాడు. ఇంద్రజ అనే ఆమె బాప్తిస్మం తీసుకున్న రేబెకా అని ఆధారం దొరికిందట. జూలై పద్దెనిమిదిన విచారణ. ఎవరై ఉంటారో నాకు తెలుసు. ఒకడు ఆశిష్. ఫారం నింపినవాడికే అన్నీ తెలుస్తాయి. రెండోవాడు మన సంఘ పెద్ద ఎరిక్. తెలుగు ఆరాధనని నెలకి ఒక్కసారికి కుదించి, మిగతా ఆదివారాలు హిందీ, ఇంగ్లీషు పాటలు వాయిస్తున్న ఆ గిటారు మనిషి. నలభై ఏళ్ళుగా నేను రాస్తున్న చర్చి రిజిస్టర్ల మీద వాడికి ఎప్పటినుంచో కన్ను ఉంది. కంప్యూటర్లో ఎక్కిస్తాడట.

ఈ ఏడాది నాకు జరిగిన మంచి ఒక్కటే. మార్చిలో సాయివర్ధన్ అనే తెలంగాణ కుర్రాడు వచ్చాడు, ఇక్కడ కొత్తగా ఉద్యోగమట. ఏవో వివరాలకని వచ్చి రెండు గంటలు కూర్చున్నాడు. రిజిస్టర్లు తీసి చూపిస్తే గడగడా చదివాడు. నా దస్తూరీని మెచ్చుకున్నాడు. మన పిల్లల్లో ఒక్కడైనా అలా అడిగాడా?

నేను ఊరుకోను. ఎవడో పట్టుకుంటాను.

నీ అన్న,
జ్ఞానానందం


టికియాపారా
జూన్ 27

చెల్లీ,

జవాబు రాయలేదు నువ్వు. కళ్ళు ఇంకా నీళ్ళు కారుతున్నాయని జూలీ చెప్పింది. అయినా రాస్తున్నాను. రాయకపోతే ఈ రాత్రికి నేను ఏమవుతానో తెలియదు.

ముందు ఆశిష్ దగ్గరికి వెళ్ళాను. రేబెకా వద్దంది. "ఛాడో మావయ్యా, వాడేటి చేస్తాడు" అంది, వదిలెయ్యమన్నట్టు. నేను వినలేదు. వాట్‌గంజ్ ట్రామ్ డిపో వెనక వాడి సెంటర్లో, నలుగురు ముసలమ్మలు వేలిముద్రల కోసం వరసలో ఉండగా, రేబెకా సంగతి ఆఫీసుకి నువ్వే అమ్ముకున్నావు కదా అని అడిగాను. వాడు కోప్పడలేదు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు. షెడ్డు వస్తే బీమా, జీఎస్టీ, కరెంటు, ఇంకో ఐదేళ్ళు ఆ ఫారాలన్నీ తన దగ్గరే నింపించుకుంటుందనీ, తన గిరాకీని తనే ఎందుకు చంపుకుంటాడనీ అడిగాడు. వచ్చేటప్పుడు టీకి డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. అది నన్ను ఇంకా మండించింది.

ఆ మంటతోనే ఆదివారం ఎరిక్ మీద పడ్డాను. ఆరాధన అయ్యాక ప్రకటనలు చదివే వేళ లేచి నిలబడ్డాను. మన తల్లులు, తండ్రులు కట్టిన చర్చి ఇది, ఒక ఆడపిల్ల పొట్ట కొట్టడానికి ఇందులోని కాగితాలు మోసుకెళ్ళినవాడు ఆ బల్ల మీదే కూర్చుని ఉన్నాడు అన్నాను. పిల్లలు ఫోన్లు దించి చూశారు. రేబెకా తల వంచుకుంది. సిగ్గుతో అనుకున్నాను. ఎరిక్ మైకు ఆపి, నా దగ్గరికి నడిచి వచ్చాడు. వాడి చిన్నప్పుడు వాళ్ళ అమ్మ వాణ్ణి నా దగ్గర అక్షరాలు నేర్చుకోమని పంపేది. మూడు వారాలు వచ్చి మానేశాడు. కొట్టేవాణ్ణి కదా.

"మావా, ఆ బుక్కుల ఏటి రాసుందో నాకెలా తెలుస్తాది?" అన్నాడు మెల్లిగా. "నాను తెలుగు సదవలేను గదా."

కూర్చుండిపోయాను. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట వదలలేదు. వాడు చదవలేడు. కమిటీలో ఆరుగురిలో ఎవరూ చదవలేరు. ఆశిష్ చదవలేడు, ఆ ఆఫీసులో బాబులు చదవలేరు. నలభై ఏళ్ళు ఈ పిల్లలు తెలుగు నేర్చుకోలేదని తిట్టాను. ఇన్నాళ్ళూ మన వాళ్ళు రెండు పేర్లతో క్షేమంగా బతికింది ఆ పుస్తకం చదివేవాడు లేకనే. ఇనప్పెట్టెలో పెట్టినా అంత భద్రంగా ఉండేది కాదు.

ఈ రోజు ఉదయం ఆ ఆఫీసుకి వెళ్ళాను. దరఖాస్తులో తెలిసినవాళ్ళ పేరు రాయమన్న చోట రేబెకా నా పేరే ఇచ్చింది, కాబట్టి కాగితాలు చూస్తానంటే గుమాస్తా కాదనలేదు. రెండు గంటలు కూర్చోబెట్టి ఫైలు తెచ్చాడు. విప్పాను. మూడో కాగితం మన బాప్తిస్మపు రిజిస్టర్లో ఒక పేజీ. ఫోటో తీసి అచ్చు వేసింది. నా దస్తూరీ. పేజీ లేవకుండా అంచు మీద ఎవరో బొటనవేలు నొక్కి పట్టుకున్నారు. గోరు మధ్యలో చీలి ఉంది.

బోగీ తలుపు పడి నా గోరు చీలిన రోజు నీకు గుర్తుందా? నువ్వే పసుపు అద్దావు.

అచ్చమ్మా, ఆ పేజీని పట్టుకున్నది నేను. ఫోటో సరిగ్గా రావాలని నేనే అదిమి పట్టుకున్నాను.

ఆ ఫోటో తీసుకున్న సాయివర్ధన్ ఆ ఆఫీసు పై అంతస్తులోనే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ ఇచ్చాడు. నేను నిలబడే అడిగాను, దొంగతనంగా వచ్చి పెద్దవాడి దగ్గర కాగితాలు లాగుతావా అని. ఆ పిల్లవాడి మొహం పాలిపోయింది.

"సార్, వచ్చినప్పుడే చెప్పిన గద, ఇంద్రజ గారి ఎంక్వైరీ అని. మీరు విననే లేదు," అన్నాడు. "ఇంద్రజ ఏంది, మా రేబెకా అని మీరే అన్నరు. పుస్తకం మీరే తీసిన్రు, మీరే సదివి వినిపించిన్రు. నేను మధ్యల రెండుసార్లు లేవబోయిన. కూర్చో బాబూ అన్నరు."

నిజమే. వచ్చినవాడు ఏం చెబుతున్నాడో వినలేదు. తెలుగు వినిపించిందంతే. ఒత్తులతో సహా చదివేవాడు దొరికాడని పుస్తకం తర్వాత పుస్తకం తీశాను. చూసింది రాయకపోతే తన ఉద్యోగం పోతుందని, కొత్తగా చేరానని చెప్పాడు. తప్పు వాడిది అని ఇంటికొచ్చేదాకా అనుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

ఆ పేజీలో రిమార్కులు అనే గడి ఉంది. అందులో నా చేతిరాతతో రెండు వాక్యాలు ఉన్నాయి. అవి లేకపోతే ఆ పేజీకి విలువ లేదు. ఊళ్ళో రేబెకాలు ఎంతమంది లేరు? ఆ వాక్యాలు ఏమిటో నీకు రాసే ధైర్యం ఇవాళ లేదు. రేబెకాకి ఏమీ చెప్పలేదు. విచారణకి నేనూ వస్తానన్నాను. "అంత దూరం నీకెందుకు మావయ్యా" అంది, నా చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతూ.

నీ అన్న


టికియాపారా
జూలై 20

అచ్చమ్మా,

చెల్లీ అని పిలవడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. చదివాక నీకు ఇష్టమైతే అలాగే అనుకో.

విచారణ అయిపోయింది. షెడ్డు పోయింది. కులపత్రం రద్దు చెయ్యమని పైకి రాశారు.

పద్దెనిమిదో తారీఖున నేను ఒక కాగితం రాసుకుని వెళ్ళాను. రిమార్కుల గడిలో ఉన్నది అబద్ధమనీ, బావ మీది ద్వేషంతో నేను రాసిందనీ, రేబెకా అనే మనిషి వేరనీ. డెబ్భై ఆరేళ్ళలో నేను రాసిన మొదటి దొంగ కాగితం. మూడుసార్లు చిత్తు రాసి, నాలుగోసారి సాపు రాశాను. అబద్ధానికి కూడా మంచి దస్తూరీయే వచ్చింది.

విచారణ చేసిన ఆఫీసరు అభిజిత్‌బాబు అని, మర్యాదస్తుడు. కటువైనవాడైతే నాకు తేలికయ్యేది. నా కాగితం రెండుసార్లు చదివాడు. ఇది మీ చేతిరాతేనా అని రిజిస్టరు పేజీ చూపించాడు. నాదే అన్నాను. ఇందులో రాసింది అబద్ధమా అన్నాడు. అబద్ధమే అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, అలాగైతే ఈ పుస్తకం నుంచి మీరు సంతకం పెట్టి ఇచ్చిన పత్రాలన్నీ తిరగతోడాల్సి వస్తుంది పెద్దాయనా అన్నాడు. బెదిరింపు కాదు, బాధగానే చెప్పాడు. విధవల పింఛన్లకి, పిల్లల వయసుకి, పెళ్ళిళ్ళకి నలభై ఏళ్ళుగా నేను ఇచ్చిన నకళ్ళు గుర్తొచ్చాయి. పాప మొగుడు పోయినప్పుడు దాని పింఛను వచ్చింది ఆ పుస్తకంలోని పెళ్ళి నమోదుతోనే. నిజమంటే రేబెకా పోతుంది. అబద్ధమంటే వాళ్ళంతా పోతారు. బల్ల మీది నా కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు రేబెకా లేచింది. నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. బెంగాలీలో చెప్పింది, పుస్తకంలో ఉన్నది నిజమే, రేబెకా నేనే, ఇంద్రజా నేనే అని. బళ్ళో ఆ పేరుకే హాజరు పలికాననీ, ఆ కులం పేరు పెట్టే తనని బావి దగ్గర ఆడపిల్లలు దూరం నెట్టేవారనీ, అప్పుడు ఎవరూ బాప్తిస్మం అయిందా అని అడగలేదనీ చెప్పింది. అభిజిత్‌బాబు ఫారం తిప్పి చూశాడు. చివరికి, మీరు చెప్పింది రాసుకోవడానికి ఫారంలో గడి లేదమ్మా, ఉన్నది ఒక్కటే, దాంట్లో రెండు రాయలేను అన్నాడు. చూపించిన చోట అది సంతకం పెట్టింది.

బస్సులో నా పక్కనే కూర్చుంది. బస్సు హౌరా బ్రిడ్జి ఎక్కింది. ఇక దాచలేక, దానికి చెప్పబోయాను. "రేబెకా, ఆ గడిలో..." అన్నాను. అది సంచీ తెరిచి ఒక కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది. మేలో వచ్చిన నోటీసుతో పాటు పంపిన కాగితమట. నా రెండు వాక్యాలూ ఇంగ్లీషులో, సాయివర్ధన్ అనువాదం. కింద, రాసినవారు సంఘ కార్యదర్శి జ్ఞానానందం అని.

మొదటి రోజు నుంచీ దానికి తెలుసు. నేను ఆశిష్ మీదికి వెళ్ళినప్పుడు తెలుసు. ఎరిక్‌ని నలుగురిలో కడిగినప్పుడు తల వంచుకున్నది నా కోసం. ఆ సాయంత్రమే వాడింటికి వెళ్ళి క్షమాపణ అడిగిందట, కారణం చెప్పకుండా. నా చొక్కాకి బొత్తాం కుట్టినప్పుడూ తెలుసు.

ఎందుకు చెప్పలేదే అన్నాను. "ఏటి సెప్పను మావయ్యా. అందర్నీ తిట్టుకుంటూ తిరుగుతుంటే నీ ఒంట్లోకి ఓపికొచ్చినట్టు అగుపించింది," అంది.

ఇంటికి వచ్చాక రిజిస్టరు తియ్యమంది. ఆ పేజీలో తన పేరు ఏదో చూపించమంది. వేలు పెట్టి చూపించాను. ఇంగ్లీషులో ఎలా ఉందో తెలుసు, తెలుగులో ఎలా ఉందో చదువు అంది. చదివాను. నీకూ రాస్తున్నాను, ఇరవై ఎనిమిదేళ్ళు ఆలస్యంగా:

'ఈమెకు ప్రభుత్వ కాగితములలో ఇంద్రజ అని మరియొక పేరు కలదు. లాభాపేక్షతో తండ్రి జాబేజ్ పెట్టించినది.'

రేబెకా బాప్తిస్మం తీసుకున్న రోజున రాశాను. రిమార్కుల గడిలో అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ ఎవరికీ ఏమీ రాయలేదు. పుస్తకమంతా ఆ గడి ఖాళీ. ఆ రోజు కూడా ఖాళీగానే వదిలెయ్యవచ్చు. నాది నిజాయితీ అని చాలా ఏళ్ళు అనుకున్నాను. కాదు. మీ ఆయన నవ్వాడు, నేను పెద్ద గుమాస్తాగానే ఉండిపోయాను, అంతే. మనిషికి ఎదురుగా చెప్పలేనిది ఎవరూ చదవని పుస్తకంలో రాశాను. ఆ తర్వాత మరిచిపోయాను కూడా. అంత చిన్న పని అది నాకు.

రేబెకా ఆ నీలం సిరా గీతల మీద చెయ్యి పెట్టి చూసింది. తోలు కోతలతో వేళ్ళన్నీ గరుకు. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆ రోజు మాయింట్ల బిర్యానీ రెండుసార్లు ఏయించుకున్నావు మావయ్యా. నాకు గుర్తుంది. అది తిన్నాక రాసేవా, రాసేక తిన్నావా?"

మిషన్లు ముప్పైన తీసుకుపోతారు. పాపకి ఖిదిర్‌పూర్‌లో ఏదో ఇంట్లో పని కుదిరింది. ఇత్తడి చెయ్యి ఎవరికీ ఇవ్వనంది రేబెకా, నా గదిలో తెచ్చి పెట్టింది, చోటు లేక. రిజిస్టర్లన్నీ నిన్న ఎరిక్‌కి అప్పగించాను. అట్ట మీద పేరు కూడబలుక్కుంటూ చదవబోయాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. నేను అందించలేదు.

అమ్మకి నువ్వే రాయి, నేను సెప్పను అంది రేబెకా. అందుకే ఇది. దాని ప్రశ్నకి జవాబు కూడా నీకు తెలియాలి. వండింది నువ్వు కదా.

రాశాకే తిన్నాను.

జ్ఞానానందం